పాత .22 సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పొద్దున ఇరుక్కుంటోంది, ఎండెక్కాక బాగుంటోంది – స్ప్రింగ్ మార్చాలా?

హాలియా బత్తాయి తోట:

అందరికీ నమస్కారం. మా తాతది ఒక .22 (చిన్న తూటా) సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఉంది, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి తర్వాతది తనే ఎక్కే రకం. ఆయన పోయాక నాయిన లైసెన్సు మీదికి, నాయిన తర్వాత వారసత్వంగా నా లైసెన్సు మీదికి వచ్చింది. విదేశీ తయారీ, దిగుమతులు ఆగిపోకముందు తాత హైదరాబాద్‌లో కొన్నది, కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. ఇంట్లో బీరువాలో తాళం వేసి ఉంటుంది, ఏడాదికి మూడు నాలుగు సార్లు హైదరాబాద్ తీసుకెళ్లి రేంజ్‌లో ఒక 50 తూటాలు కాలుస్తాను, అంతే. అడవి పందుల కోసమా అని ఎవరూ అడగకముందే చెప్తున్నాను, మా వైపు పందులు చేలల్లో పడి పాడు చేస్తున్న మాట నిజమే కానీ అనుమతి లేకుండా వాటి మీద కాల్చడం నేరం, పైగా .22 తూటా వాటికి చాలదు, గాయంతో పారిపోయి ఎక్కడో నాలుగు రోజులు నరకం పడి చస్తాయి. ఆ ఆలోచన నాకు లేదు.

సమస్య ఏంటంటే, మొన్న సంక్రాంతి తర్వాత తెల్లారుజామున నాలుగింటికి ఇంట్లో బయలుదేరి ఎనిమిదింటికి రేంజ్‌లో మొదలుపెట్టాను. మంచి చలి. మొదటి 25 తూటాల్లో 8 సార్లు ఆగింది. అందులో ఐదుసార్లు ఖాళీ కేసు (పేలాక మిగిలే ఇత్తడి గొట్టం) బయటికి ఎగిరిపోకుండా బోల్ట్‌కూ (వెనక్కీ ముందుకీ కదిలే ఇనుప దిమ్మ) ఛాంబర్‌కూ (తూటా కూర్చునే గది) మధ్య ఇరుక్కుని పొగగొట్టం లాగా నిలబడిపోయింది. రెండుసార్లు ఖాళీ కేసు బయటికి పోయింది కానీ కొత్త తూటా రాలేదు, బోల్ట్ ఖాళీ ఛాంబర్ మీదే మూసుకుంది, ట్రిగ్గర్ నొక్కితే టిక్‌మంది. ఒకసారి కొత్త తూటా ముక్కు కిందికి దిగి, తూటాలుండే మ్యాగజైన్ డబ్బా ముందు గోడకు గుద్దుకుని సీసం ఒత్తుకుపోయింది. అక్కడే టీ తాగి, టిఫిన్ చేసి, ఎండ బాగా వచ్చాక పన్నెండింటికి మిగిలిన 25 కాలిస్తే 3 సార్లే ఆగింది. అదే గన్, అదే తూటాల పెట్టె.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2023 అసెంబ్లీ ఎన్నికల కోడ్ రాగానే పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేశాను, ఆ తర్వాత 2024 లోక్‌సభ ఎన్నికలకు మళ్లీ ఇచ్చాను, రెండుసార్లూ నెలల తరబడి అక్కడే ఉంది. తుప్పు పట్టకుండా నూనె బాగా పట్టించే ఇచ్చాను. అంతకుముందు ఇది ఇంతగా ఇబ్బంది పెట్టలేదు, ఎప్పుడో ఒకటి రెండు సార్లు ఆగేది.

తెలిసినాయన ఒకాయన, బోల్ట్‌ను ముందుకు తోసే రీకాయిల్ స్ప్రింగ్ సచ్చిపోయింది మార్చమన్నాడు. పాత మోడల్ కాబట్టి స్ప్రింగ్ వెతకడం కష్టం, దొరికినా ఖర్చు. మార్చేముందు ఇక్కడ తెలిసినవాళ్లను అడుగుదామని. తాత వస్తువు, పాడు చేసుకోవాలని లేదు.

దేవరకొండ 78:

అన్నా, ఇదే సమస్య మా పెదనాన్న గన్‌కు వచ్చింది. స్ప్రింగ్ గట్టిగా ఉండి బోల్ట్ పూర్తిగా వెనక్కి పోవట్లేదు. రెండు చుట్లు కత్తిరించేయండి, బోల్ట్ లూజుగా తిరుగుతుంది. ఖాళీ కేసును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అరిగి ఉంటే ఏ లేత్ వర్క్‌షాప్‌లోనైనా చిన్న ఆకురాయితో పదును పెట్టిస్తే పట్టు వస్తుంది. అరగంట పని.

వనపర్తి ఆర్మరర్ (రిటైర్డ్):

తమ్మీ, పైన చెప్పిన రెండు పనులూ చేయకు. ఎందుకో చెప్తాను, కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

నేను ఫౌజ్‌లో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, 22 ఏళ్లు పనిచేశాను. గన్ మధ్యలో ఆగడాన్ని అక్కడ ‘రోకే’ అంటారు. రోకే వచ్చినప్పుడు మాకు నేర్పిన మొదటి సంగతి, చెయ్యి పెట్టకముందు కళ్లతో చూడమని. బోల్ట్ ఎక్కడ ఆగింది, ఖాళీ కేసు ఎక్కడుంది, కొత్త తూటా ఎక్కడుంది, ఈ మూడూ చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. నువ్వు ఆ మూడూ చూసి లెక్కతో సహా రాశావు, అందుకే నీకు జవాబు చెప్పడం తేలిక.

మా కాలంలో 7.62 ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ ఉండేది, ఇషాపూర్‌లో తయారైనది, 20 తూటాల మ్యాగజైన్. దానిలో తూటా పేలినప్పుడు బ్యారెల్‌లోని గ్యాస్ కొంత పైనున్న సిలిండర్‌లోకి వెళ్లి పిస్టన్‌ను వెనక్కి కొడుతుంది. మసి పట్టి గన్ మెల్లగా కదులుతుంటే గ్యాస్ రెగ్యులేటర్ తిప్పి పిస్టన్‌కు పోయే గ్యాస్ పెంచేవాళ్లం, పని నడిచేది. నీ .22 లో అలా తిప్పుకోవడానికి ఏమీ ఉండదు. అది బ్లోబ్యాక్ రకం. తూటా పేలగానే ఖాళీ కేసు తనే వెనక్కి తన్నుకొచ్చి బోల్ట్‌ను నెడుతుంది, ఆ తోపుకు ఎదురు నిలబడేవి బోల్ట్ బరువు, దాని వెనకున్న స్ప్రింగ్, ఈ రెండే. అంత చిన్న తూటాలో ఉండే కాస్త శక్తితోనే ఖాళీ కేసు బయటికి రావాలి, హ్యామర్ అనే సుత్తి వెనక్కి పడాలి, స్ప్రింగ్ నొక్కుకోవాలి, బోల్ట్ మ్యాగజైన్ వెనక దాకా పోయి కొత్త తూటాను పట్టుకుని రావాలి. దారిలో ఎక్కడ కాస్త రాపిడి పెరిగినా ఆ లెక్క తప్పుతుంది.

ఇప్పుడు నీ రోకేలు చూద్దాం. ఖాళీ కేసు నిలువుగా ఇరుక్కోవడం, బోల్ట్ కొత్త తూటా దాకా పోకుండానే ముందుకు వచ్చేయడం, ఈ రెండూ బోల్ట్ పూర్తి దూరం వెనక్కి పోవట్లేదని చెప్తున్నాయి. స్ప్రింగ్ సచ్చిపోతే దీనికి ఎదురు జరుగుతుంది. బోల్ట్ తేలిగ్గా, వేగంగా వెనక్కి పోయి వెనక గోడకు గట్టిగా కొడుతుంది, ఖాళీ కేసులు మామూలుకన్నా దూరం ఎగురుతాయి, తిరిగి వచ్చేటప్పుడు బలం చాలక చివరి కాస్త దూరం మూసుకోకుండా ఆగుతుంది. నీ కేసులు దూరం పడుతున్నాయా, కాళ్ల దగ్గరే పడుతున్నాయా? దగ్గరే పడుతున్నాయని నా అనుమానం. స్ప్రింగ్ మీద నేరం మోపడానికి ఇప్పటికైతే ఒక్క సాక్ష్యమూ లేదు.

దేవరకొండ తమ్ముడికి కూడా చెప్తున్నాను, కోపం వద్దు. స్ప్రింగ్ కత్తిరిస్తే బోల్ట్ వెనక్కి పోవడం తేలికవుతుంది, అది నిజమే, కానీ అదే స్ప్రింగ్ బోల్ట్‌ను ముందుకు తెచ్చి మూసి ఉంచాలి కూడా. తూటా పూర్తిగా ఛాంబర్‌లోకి పోకముందే పేలితే .22 కేసు ఇత్తడి గోడ చాలా పల్చన, చీలిపోతుంది, ఆ గ్యాసూ ఇత్తడి ముక్కలూ వచ్చేది కాల్చేవాడి ముఖం మీదికే. ఇక ఎక్స్‌ట్రాక్టర్ కొక్కేన్ని ఆకురాయితో రుద్దితే అంచు తగ్గుతుంది, గట్టిదనం ఇచ్చిన పై పొర పోతుంది, నెల తిరక్కుండా మళ్లీ అరిగిపోతుంది. ఇంకో విషయం, ఆయుధాల చట్టం 1959లో 5వ సెక్షన్ ప్రకారం గన్ రిపేరు చేయడానికి వేరే లైసెన్సు ఉండాలి. లేత్ వర్క్‌షాప్ అతనికి అది ఉండదు. పని చేసినవాడికీ, చేయించినవాడికీ పోలీసు కేసే.

ఇప్పుడు నాకు మూడు జవాబులు కావాలి. ఏ నూనె పట్టించావు? ఎన్ని మ్యాగజైన్లు ఉన్నాయి, ముక్కు గుద్దుకున్నది ఏ మ్యాగజైన్‌తో? తూటాలు ఏ రకం, హై వెలాసిటీయా, స్టాండర్డా?

పాలమూరు షూటర్:

ఆర్మరర్ సార్ చెప్పిన దాంట్లో తూటాల సంగతి నేను కొంచెం కలుపుతాను. ఎన్‌సీసీలో .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్‌తో మొదలుపెట్టి ఇప్పుడు 25 మీటర్ల స్పోర్ట్స్ పిస్టల్ ఆడుతున్నాను, మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆడే ఈవెంటే. అందులో ర్యాపిడ్ భాగంలో టార్గెట్ మూడు సెకన్లే కనబడుతుంది, అంతలో ఒక తూటా కాల్చాలి, కాబట్టి పిస్టల్ ఇరుక్కుంటే మాకు గుండె ఆగినంత పనవుతుంది. అందుకే ఈ గొడవ అంతా నాకు బాగా అలవాటు.

అన్నా, స్టాండర్డ్ రకం, అంటే పోటీల్లో వాడే మ్యాచ్ తూటాలు కావాలనే కాస్త మెల్లగా పోయేలా చేస్తారు, సెకనుకు సుమారు 1,070 అడుగులు, ధ్వని వేగానికి తక్కువ, గురి చెదరకుండా. హై వెలాసిటీ తూటాలు 1,250 అడుగుల దాకా పోతాయి. మా పిస్టళ్లు మెల్లని తూటాలకే తయారయ్యాయి కాబట్టి వాటితో హాయిగా తిరుగుతాయి. కానీ పాత సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు చాలావరకు హై వెలాసిటీ తూటాను మనసులో పెట్టుకుని చేసినవి, వాటి బోల్టూ స్ప్రింగూ ఆ తోపుకు తగ్గట్టు ఉంటాయి. రేంజ్‌లో దొరికిన మ్యాచ్ తూటాలు వేస్తే గన్ శుభ్రంగా ఉన్నంతకాలం నడుస్తుంది, కాస్త మురికి పడితే ముందు ఆగేది అదే. బోల్ట్ యాక్షన్‌లో ఈ బాధ ఉండదు, మనమే చేత్తో తిప్పుతాం కదా.

ఇంకోటి, .22 తూటా సీసం బయటికే ఉంటుంది, దాని మీద మైనం లాంటి పూత ఉంటుంది. చలికి అది గట్టిపడుతుంది. కాల్చిన కొద్దీ ఆ మైనం, సీసం, మందు మసి కలిసి ఛాంబర్ గోడలకు అతుక్కుని గట్టి పెచ్చు కడతాయి. చలికాలం పొద్దున ప్రాక్టీసుల్లో నాకు మొదటి పది తూటాల్లోనే ఎక్కువ ఇబ్బంది వచ్చేది, కోచ్ తిట్టి ఛాంబర్ బ్రష్ చేతికిచ్చాక తగ్గింది.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, తూటా పెట్టె మీది లాట్ నంబరు, ఏ మ్యాగజైన్, ఎన్నో తూటాకు ఆగింది, ఎలా ఆగింది. మ్యాగజైన్ల అడుగున పెయింట్‌తో 1, 2 అని రాసుకోండి. ఏది తప్పు చేస్తోందో రెండు సెషన్లలో బయటపడుతుంది.

హాలియా బత్తాయి తోట:

సార్, నిజం చెప్తున్నాను, కొబ్బరి నూనె. తాత అదే వాడేవారు, నాయిన అదే వాడారు, నేనూ అదే. స్టేషన్‌లో ఇచ్చేముందు బోల్ట్ లోపలికి, స్ప్రింగ్ మీద, ట్రిగ్గర్ దగ్గర అంతా బాగా పోశాను, తుడవలేదు కూడా.

కేసులు సార్ అన్నట్టే పక్కనే పడుతున్నాయి, ఒకటి రెండు నా మోచేతి మీదే పడ్డాయి. మ్యాగజైన్లు రెండు, ఒకటి గన్‌తో వచ్చినది, ఇంకోటి తాతే ఆ తర్వాత కొన్నది. ముక్కు గుద్దుకున్నది ఆ రెండోదే అని దాదాపు గుర్తు, మధ్యాహ్నం ఆగిన మూడింటిలో రెండు కూడా అలాగే ఆగాయి. తూటాలు పాలమూరు చెల్లె చెప్పిన స్టాండర్డ్ రకమే, రేంజ్‌కు పనికొస్తాయని డీలర్ దగ్గర అవే తీసుకున్నాను.

వనపర్తి ఆర్మరర్ (రిటైర్డ్):

కొబ్బరి నూనె! అదే మరి. తమ్మీ, మీ ఇంట్లో సీసాలో కొబ్బరి నూనె సంక్రాంతి పొద్దున ఎలా ఉంటుంది? గడ్డ కట్టి ఉంటుంది కదా, పొయ్యి దగ్గర పెడితేగానీ తలకు రాసుకోలేం. 24 డిగ్రీలు దాటితేగానీ అది సరిగ్గా కరగదు. పొద్దున నీ బోల్ట్ తిరిగింది నూనెలో కాదు, వెన్నలో. ఎండెక్కాక కరిగింది, గన్ కదిలింది. తాతల కాలంలో వేరే దొరక్క అది వాడారు, వాళ్లను తప్పు పట్టను, వాళ్లు వారానికోసారి తుడిచి మళ్లీ రాసేవాళ్లు కూడా. నువ్వు పోసి నెలల తరబడి వదిలేశావు, అందులో దుమ్ము, మసి కలిసి జిగురుగా మారి ఉంటుంది.

కాబట్టి మొదట శుభ్రం, తర్వాతే విడిభాగాల మాట. రెండూ ఒకేసారి చేస్తే దేనివల్ల బాగైందో నీకు ఎప్పటికీ తెలియదు.

మ్యాగజైన్ తీసెయ్, బోల్ట్ వెనక్కి లాగి ఛాంబర్‌ను టార్చ్‌తో చూడు, చిటికెన వేలితో తడిమి కూడా చూడు. తూటాల పెట్టె ఆ గదిలోనే ఉండకూడదు. మాన్యువల్‌లో యజమాని విప్పుకోవచ్చు అని చెప్పినంతవరకే విప్పు, ట్రిగ్గర్ గ్రూప్‌లోని పిన్నులు కొట్టి తీయకు, అందులో చిన్న స్ప్రింగ్ ఎగిరిపోతే బత్తాయి తోటంతా వెతికినా దొరకదు. బోల్ట్, స్ప్రింగ్, దాని కడ్డీ ఈ మూడింటినీ కిరోసిన్‌లోనో మినరల్ టర్పెంటైన్‌లోనో అరగంట నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో తోము. బోల్ట్ తిరిగే పట్టాలు, బోల్ట్ ముఖం, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద ఉన్న సందు, ఈ చోట్ల ఎక్కువ శ్రద్ధ పెట్టు. కొక్కెం కింద అగ్గిపుల్ల మొనతో తీస్తే నల్లటి ముద్ద వస్తుంది చూడు, అది ఉన్నంతకాలం కొక్కెం కేసు అంచును పూర్తిగా పట్టుకోలేదు. తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ ఉండే దారిలో నూనె అసలు ఉండకూడదు, ఛాంబర్‌లోనూ ఉండకూడదు.

బ్యారెల్‌కు పుల్‌త్రూ (చివర గుడ్డ కట్టి లాగే తాడు) వాడు, ఛాంబర్ వైపు నుంచి వేసి మూతి వైపు లాగు. మూతి వైపు నుంచి ఇనుప రాడ్ పొడిస్తే మూతి అంచు అరుగుతుంది, గురి అక్కడే చెడుతుంది. ఛాంబర్‌కు మాత్రం .22 కంచు బ్రష్ పెట్టి చేత్తో పది సార్లు తిప్పు, తర్వాత పొడి చిందీ (గుడ్డ ముక్క) లాగు. చిందీ తెల్లగా వచ్చేదాకా లాగు. ఎవరైనా గతంలో ఇందులో పొట్టి .22 షార్ట్ తూటాలు కాల్చి ఉంటే ఛాంబర్ మధ్యలో ఒక మసి ఉంగరం ఉంటుంది, పొడుగు తూటా అక్కడ బిగుసుకుంటుంది. అది కూడా బ్రష్‌తోనే పోతుంది, ఇంకేం చేయొద్దు.

శుభ్రం చేశాక మూడు చూడు. ఛాంబర్ అంచు మీద దూది పుల్ల తిప్పు, ఎక్కడైనా దూది పోగులు పట్టుకుంటే అక్కడ ఫైరింగ్ పిన్ కొట్టి లోహం లేచిందని అర్థం. రిమ్‌ఫైర్ గన్‌లో (కేసు అంచు మీద కొడితే పేలే రకం, నీ .22 అదే) ఖాళీగా ట్రిగ్గర్ నొక్కితే చాలా మోడళ్లలో పిన్ నేరుగా ఛాంబర్ అంచు మీద పడుతుంది, ఏళ్ల తరబడి పిల్లలు టిక్ టిక్ అని ఆడితే ఇదే జరుగుతుంది. ఆ తర్వాత విప్పిన బోల్ట్ ముఖానికి ఒక ఖాళీ కేసు అంచును కొక్కెం కింద దూర్చి బోల్ట్‌ను మెల్లగా ఊపు. కేసు నిలవాలి. జారి పడిందంటే కొక్కెమో, దాని వెనకున్న బుల్లి స్ప్రింగో అరిగింది. మూడోది మ్యాగజైన్. రెండింటి పెదాలూ (తూటాను పైన పట్టి ఉంచే రేకు అంచులు) పక్కపక్కన పెట్టి చూడు, ఒకదాని పెదవి ఎక్కువ తెరుచుకుని ఉందా, స్ప్రింగ్ ఒకదానిలో మెత్తగా ఉందా.

తర్వాత పల్చటి గన్ ఆయిల్, దొరక్కపోతే కుట్టు మిషన్ నూనె, పట్టాల మీద ఒక్కో చుక్క, వేలితో పామి గుడ్డతో తుడిచెయ్. ఇంట్లో అసలు తూటాలు వేసి బోల్ట్ లాగి చూడటం మాత్రం ఎప్పుడూ చేయకు. డమ్మీ తూటాలు దొరుకుతాయి, వాటితో చూసుకో.

దేవరకొండ 78:

సార్, చట్టం సంగతి నాకు తెలియదు, కత్తిరించమన్నందుకు సారీ. పెదనాన్న గన్ కూడా ఆ తర్వాత రెండేళ్లకు తూటా సరిగ్గా పేలడం మానేసింది, ఎందుకో ఇప్పుడు అర్థమైంది. లైసెన్సు ఉన్న మెకానిక్‌కు చూపించమని చెప్తాను.

వనపర్తి ఆర్మరర్ (రిటైర్డ్):

చెప్పు తమ్ముడూ, అప్పటిదాకా దాన్ని కాల్చొద్దని గట్టిగా చెప్పు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గన్ మూతి టార్గెట్ వైపే పెట్టి అర నిమిషం ఆగాలి, ఒక్కోసారి మందు ఆలస్యంగా అంటుకుంటుంది. శబ్దం మామూలుకన్నా మెత్తగా, ‘ఫట్’ అని వస్తే మాత్రం ఇంకో తూటా అస్సలు వేయకూడదు, ముందుది బ్యారెల్‌లోనే ఆగి ఉండొచ్చు. బోల్ట్ తెరిచి బ్యారెల్‌లోకి వెలుగు వేసి చూశాకే మిగతాది.

హాలియా బత్తాయి తోట:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించాలి, బత్తాయి కోత ఉండింది.

విప్పి చూస్తే సార్ చెప్పిన దానికన్నా ఘోరంగా ఉంది. స్ప్రింగ్ చుట్ల మధ్య పసుపు రంగు జిగురు, వేలికి అంటుకుంటే సాగుతోంది. కిరోసిన్ రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. కొక్కెం కింద నుంచి అగ్గిపుల్లతో తీస్తే కందిగింజంత ముద్ద వచ్చింది. ఛాంబర్ అంచు మీద దూది ఎక్కడా పట్టుకోలేదు, ఆ ఒక్కటి సంతోషం, మా చిన్నప్పుడు తాత మమ్మల్ని ట్రిగ్గర్ ముట్టనిచ్చేవారు కాదు.

కేసు పరీక్ష మాత్రం ఫెయిల్. మెల్లగా ఊపితేనే జారి పడింది, పదిసార్లలో ఆరుసార్లు.

అయినా సార్ చెప్పినట్టు ముందు ఏ భాగమూ మార్చకుండానే రేంజ్‌కు వెళ్లాను. మళ్లీ పొద్దున్నే, ఇంకా చలి ఉంది. మ్యాగజైన్లకు నంబర్లు వేశాను. అవే తూటాలు 25. మూడుసార్లు ఆగింది, 8 నుంచి 3కు వచ్చింది. ఖాళీ ఛాంబర్ మీద బోల్ట్ మూసుకోవడం ఒక్కసారి కూడా జరగలేదు. రెండుసార్లు కేసు నిలబడింది, ఒకసారి 2వ నంబర్ మ్యాగజైన్‌తో ముక్కు గుద్దుకుంది.

ఆ తర్వాత హైదరాబాద్‌లో రిపేరు లైసెన్సు ఉన్న మెకానిక్ దగ్గరికి, లైసెన్సు పుస్తకం తీసుకుని వెళ్లాను. పెద్దాయన, భూతద్దం పెట్టి చూపించారు, కొక్కెం మొన గుండ్రంగా అయిపోయింది, వెనక స్ప్రింగ్ ఒక పక్కకు వంగింది. అసలు కంపెనీ భాగం దొరకదని, స్టీలు ముక్క నుంచి కొత్తది చేసి గట్టిపరిచి బిగించారు, నాలుగు రోజులు పట్టింది. రీకాయిల్ స్ప్రింగ్ చూసి ‘దీనికేం కాలేదు, ముట్టుకోకు’ అన్నారు. మొన్న వెళ్లి 1వ నంబర్ మ్యాగజైన్‌తోనే 25 కాల్చాను, ఒక్కటీ ఆగలేదు. కేసులు ఒకే చోట, నా కుడి వైపు రెండు మూడు అడుగుల దూరంలో కుప్పగా పడ్డాయి, ఆ కుప్ప చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. నాయిన ఉన్నప్పుడు ఇలాగే నడిచేది.

అడగాల్సింది రెండు ఉన్నాయి. మళ్లీ ఎన్నికలు వస్తే నెలల తరబడి డిపాజిట్ చేయాలి కదా, అప్పుడు ఎలా పెట్టాలి? తాత లెదర్ కవర్ ఉంది, అందులోనే ఇస్తున్నాను. ఇంకా 2వ మ్యాగజైన్ పెదవి ఒక పక్క కాస్త తెరుచుకుంది, ప్లయర్‌తో దగ్గరికి నొక్కితే సరిపోతుందా?

పాలమూరు షూటర్:

అన్నా, చాలా సంతోషం! ప్లయర్ మాత్రం పట్టకండి, ఒక పక్క ఎక్కువ నొక్కితే తూటా వంకరగా లేస్తుంది, ఇంకో పక్క సరిచేయబోతే అలసిన రేకు పగులుతుంది, నా సొంత మ్యాగజైన్ అలాగే పోయింది. దాన్నీ ఆ పెద్దాయనకే ఇవ్వండి. ఒకసారి హై వెలాసిటీ తూటాలు పది కూడా వేసి చూడండి, కేసులు మరీ దూరం ఎగరకుండా ఉంటే మీ గన్‌కు అవే సరిపోతాయి.

వనపర్తి ఆర్మరర్ (రిటైర్డ్):

తమ్మీ, లెదర్ కవర్ గన్‌ను మోసుకెళ్లడానికే, నిల్వ పెట్టడానికి కాదు. తోలు తేమను పీల్చుకుంటుంది, తోలు శుద్ధిలో వాడిన ఉప్పులు కూడా ఇనుమును తింటాయి, వానాకాలం రెండు నెలలు అందులో ఉంటే కవర్ తగిలిన చోటల్లా తుప్పు మచ్చలు వస్తాయి. డిపాజిట్‌కు ముందు పొడిగా తుడిచి, బయట ఇనుము మీద పల్చటి గన్ ఆయిల్ గుడ్డతో పామి, బోల్ట్ లోపల దాదాపు పొడిగానే ఉంచి ఇవ్వు. అక్కడ గాలి ఆడేలా గుడ్డ సంచిలో పెట్టమని అడుగు, రసీదులో గన్ నంబరుతో పాటు మ్యాగజైన్లు రెండు అని రాయించుకో. తిరిగి తెచ్చుకున్న రోజే, రేపు చూద్దాంలే అనకుండా, విప్పి తుడిచి కొత్త నూనె పెట్టు, పుల్‌త్రూ ఒకసారి లాగాకే రేంజ్‌కు తీసుకెళ్లు. బ్యారెల్‌లో నూనె ఉండగా కాల్చకూడదు.

మెకానిక్ పెద్దాయన కొత్త కొక్కెం చేసిచ్చాడంటున్నావు, పాత కొక్కెం పారేయకు, ఒక చిన్న డబ్బాలో వేసి గన్‌తోనే ఉంచు. ముందు ముందు ఇంకోటి చేయించాల్సి వస్తే కొలతకు అదే దిక్కు.

హాలియా బత్తాయి తోట:

పాతది పెద్దాయన కాగితంలో చుట్టి ఇచ్చారు సార్, భద్రంగానే ఉంది. 2వ మ్యాగజైన్ వచ్చే నెల ఆయనకే ఇస్తాను. కొబ్బరి నూనె సీసా ఆ బీరువాలోంచి తీసి వంటింట్లో పెట్టేశాను.